‘కదా’ లేకుండా అడుగు

ప్రశ్న: అక్కా, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్లో నేనూ ఇంకో అబ్బాయీ రెండేళ్ళుగా ఒకే రూములో ఉంటున్నాం. పోయిన సెమిస్టర్లో వాడికి మూడు సబ్జెక్టులు పోయాయి. అదే సమయంలో ఇష్టపడిన అమ్మాయి దూరమైంది. అప్పటి నుంచి క్లాసులకు సరిగ్గా రావడం లేదు. రాత్రి మూడైనా లైటు ఆర్పడు. ఏమన్నా అంటే కస్సుమంటాడు. రెండు మూడుసార్లు ‘నేను లేకపోతే అందరికీ హాయి’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి నేను పట్టించుకోలేదు. పది రోజుల క్రితం ఒక రాత్రి మాత్రం ‘బతకాలని లేదురా’ అన్నాడు. వెంటనే ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అన్నాడు. వేశాను. ఈ వారం నుంచి ఉన్నట్టుండి ప్రశాంతంగా కనబడుతున్నాడు. మొన్న వాడికి ప్రాణమైన హెడ్‌ఫోన్స్ తెచ్చి ‘ఇవి నువ్వుంచుకో’ అని నా మంచం మీద పెట్టాడు. నాకు భయమేస్తోంది. కదిలిస్తే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమో. ఎవరికైనా చెబితే ఒట్టు తప్పినవాణ్ణవుతాను, వాడు ఇక నా మొహం చూడడు. పైగా బయటికి తెలిస్తే పోలీసుల దాకా పోతుందని అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రూమ్మేట్

సమాధానం:

తమ్ముడూ,

ఇలాంటి ఉత్తరానికి జవాబు ఇక్కడ వచ్చేదాకా ఆగకూడదు కాబట్టి, చూసిన వెంటనే నీకు విడిగా నాలుగు వాక్యాలు పంపాను. ‘ఈ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకు. సూటిగా అడుగు. అవునంటే తెల్లారేదాకా ఆగకుండా ఎవరో ఒక పెద్దవాళ్ళకు చెప్పు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు.’ దానికి నువ్వు ‘సరే అక్కా, కానీ ఎలా అడగాలి?’ అని రాశావు. ఆ ‘ఎలా’కి జవాబే ఇదంతా. నీలాంటి రూమ్మేట్లు ఇంకా చాలామంది ఉంటారు, వాళ్ళ కోసమూ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీ భయం సంగతి చూద్దాం. అడిగితే ఆలోచన పుడుతుందా? పుట్టదు. ఈ అనుమానం నీకే కాదు, పరిశోధకులకూ వచ్చింది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 6 హైస్కూళ్ళలో 2,342 మంది పిల్లల్ని తీసుకుని ఒక అధ్యయనం చేశారు, 2005లో అచ్చయింది. కొందరికి ఆత్మహత్య గురించి సూటి ప్రశ్నలున్న పత్రం ఇచ్చారు, మిగతావాళ్ళకి ఆ ప్రశ్నలు లేనిది ఇచ్చారు. తర్వాత చూస్తే, సూటి ప్రశ్నలు చదివినవాళ్ళలో బాధ గానీ చనిపోవాలన్న ఆలోచన గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లల్లోనైతే, అడిగించుకోని వాళ్ళకంటే అడిగించుకున్న వాళ్ళకే బాధ తక్కువగా కనబడింది. తర్వాత వచ్చిన అధ్యయనాలూ దీన్ని కాదనలేదు. ఆ ఆలోచన వాడి తలలో ఉంటే నువ్వు నోరు తెరవకముందే ఉంది. నువ్వు అడిగితే, దాన్ని వాడు ఒక్కడే మోయాల్సిన పని తప్పుతుంది.

వాడు నవ్వుతూ అన్న మాటని నువ్వు పట్టించుకోలేదని బాధపడుతున్నావు. అందులో మన భాష తప్పు కూడా కొంత ఉంది. మనం రోజుకి పదిసార్లు చస్తాం. అసైన్‌మెంట్ రాయలేక చచ్చాం, నవ్వలేక చచ్చాం, వీడితో వేగలేక చస్తున్నాం. ఇన్నిసార్లు విన్న మాట కాబట్టి నిజంగా వచ్చిన రోజున చెవికి ఆనదు. అయినా చిన్న తేడా ఒకటి గమనించవచ్చు. ‘చచ్చాన్రా బాబూ’ అనేవాడు దేనివల్లో కూడా చెబుతాడు, చెప్పి భోజనానికి లేస్తాడు. ‘నేను లేకపోతే అందరికీ హాయి’ అనేవాడు తనని తానే లెక్కలోంచి తీసేసుకుంటున్నాడు. థామస్ జాయినర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో చావాలన్న కోరిక వెనక రెండు భావాలు కనబడతాయని అన్నాడు: నాకు ఎవరూ లేరు, నేను అందరికీ భారం. మీవాడి వాక్యంలో రెండోది అక్షరాలా ఉంది.

మిగతా గుర్తులు నువ్వే రాశావు, బాగా గమనించావు కూడా. నిద్ర తప్పడం, చిరాకు, క్లాసులు మానడం, ప్రాణంగా చూసుకున్న వస్తువు ఇచ్చేయడం. డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడమే అనుకుంటాం గానీ ఈ వయసులో అది చాలాసార్లు కోపంలా, బద్ధకంలా కనబడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు ‘పొగరు’ అనీ, లెక్చరర్లు ‘అశ్రద్ధ’ అనీ సరిపెట్టేస్తారు. ఇక ఆ ప్రశాంతత. నిజంగానే మనసు కుదుటపడి ఉండవచ్చు. లేదా ఏదో ఒకటి తేల్చుకున్నాక వచ్చే నిమ్మళం కావచ్చు. బయటి నుంచి చూసి ఏదో చెప్పలేం, అందుకే అడగాలి. వస్తువులు పంచేస్తూ ప్రశాంతంగా ఉన్నాడంటే మాత్రం నేను రెండోదే అనుకుని కదులుతాను. నా అంచనా తప్పయితే పోయేదేముంది, కాసేపు ఇద్దరూ ఇబ్బందిపడతారు.

ఇప్పుడు అడగడం. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి.

నేను చదువుకునే రోజుల్లో పక్క రూము అమ్మాయి ఒకతి ఇలాగే నెమ్మదిగా మాట తగ్గించేసింది. నాకు అనుమానం వచ్చింది. ధైర్యం కూడగట్టుకుని ఒకరోజు కారిడార్‌లో ఆపి, ‘పిచ్చి పనులేమీ చేయవు కదా?’ అన్నాను. ‘ఛ, లేదు’ అంది. నా మనసు తేలికపడింది, నా పని అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాతి వారం వేరే బ్రాంచ్ జూనియర్ ఒకమ్మాయి, పెద్దగా పరిచయం కూడా లేని పిల్ల, మెట్ల మీద దాని పక్కన కూర్చుని ‘అక్కా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగేసిందట. అంతే, గంటసేపు ఏడ్చింది. ఆ రాత్రే ఆ పిల్ల వెంటబెట్టుకుని వార్డెన్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక సెమిస్టర్ మానేసి వైద్యం చేయించుకుని మరుసటి ఏడాది వచ్చి డిగ్రీ పూర్తి చేసింది. చాలా ఏళ్ళ తర్వాత నేను ఉండబట్టలేక, నేనడిగినప్పుడు నాకెందుకు చెప్పలేదే అన్నాను. ‘నువ్వు లేదనిపించుకోవడానికి అడిగావు. అదే అన్నాను’ అంది.

అప్పటి నుంచి నాకు ‘కదా’ అంటే భయం. ‘బాగానే ఉన్నావు కదా?’, ‘అలాంటి ఆలోచనలేం లేవు కదా?’ — ఈ ప్రశ్నల్లో జవాబు ముందే రాసి ఉంటుంది. ఎదుటివాడు సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. ‘పిచ్చి పనులు’ అనే మాట ఇంకా ఘోరం. అవునంటే తాను పిచ్చివాణ్ణని ఒప్పుకున్నట్టు. కాబట్టి అసలు మాటే వాడు. ‘ఈమధ్య నువ్వు నిద్రపోవడం లేదు, క్లాసులు మానేశావు, ఆ రోజు బతకాలని లేదన్నావు. ఆత్మహత్య గురించి ఆలోచిస్తున్నావా?’ ముందు నువ్వు చూసింది చెప్పు, వెనకే ప్రశ్న అడుగు, అడిగాక ఆగు. ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని నింపడానికి జోకు వేయకు, టాపిక్ మార్చకు. పొద్దున్న క్లాసు హడావిడిలోనో పదిమంది మధ్యలోనో వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, ఎదురెదురుగా కూర్చుని విచారణ చేస్తున్నట్టు కాకుండా, నడుస్తూనో పక్కపక్కన కూర్చునో అడిగితే మగపిల్లలకు నోరు తొందరగా పెగులుతుంది. ఇది నా అనుభవం, ఏ పుస్తకంలోనూ చూసింది కాదు.

అవునన్నాడనుకో. అప్పుడు మన నోటి నుంచి తన్నుకొచ్చే మొదటి మాట ‘అమ్మానాన్నల గురించి ఆలోచించావా?’. అనకు. వాడు వాళ్ళ గురించే ఆలోచిస్తున్నాడు. తన ఫీజులు, తన మార్కులు, తన వల్ల వాళ్ళకి తలవంపులు, తను లేకపోతే వాళ్ళకి బరువు తగ్గుతుందన్న తప్పుడు లెక్క, ఇవే వాడి తలలో తిరుగుతున్నాయి. నువ్వు అదే తీగ మీద మీటుతావు. ‘నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా?’ అన్నదీ అంతే, ఆ కష్టానికి సిగ్గు కూడా చేరుస్తుంది. ‘మూడు బ్యాక్‌లాగ్స్‌కే ఇంతా?’ అనడం మరీ దారుణం. అసలు మూడు బ్యాక్‌లాగ్స్‌కి ఎవరూ చనిపోరు. ఒక అమ్మాయి వెళ్ళిపోయినందుకూ చనిపోరు. వార్తల్లో ‘మార్కులు తక్కువ వచ్చాయని’, ‘ప్రేమ విఫలమై’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వెనక ఎన్నాళ్ళుగానో ఉన్న డిప్రెషన్, నిద్రలేమి, ఒంటరితనం, కొన్నిసార్లు మద్యం, ఇంట్లో గొడవలు, ఇవేవీ ఆ ముక్కలో పట్టవు. నువ్వు చూస్తున్న రెండు కారణాలు పైకి కనబడుతున్నవి మాత్రమే.

మరి ఏమనాలి? ‘చెప్పినందుకు మంచి పని చేశావు. ఎప్పటి నుంచి ఇలా ఉంది?’ ఇది చాలు. మిగతాది వినడమే. 1953లో చాడ్ వారా అనే మతగురువు లండన్‌లో ఇలాంటివాళ్ళ కోసం ఒక ఫోన్ సేవ మొదలుపెట్టాడు, అదే ఇప్పటి సమారిటన్స్. తనతో మాట్లాడటానికి వచ్చినవాళ్ళు వరుసలో ఉన్నంతసేపూ మామూలు వాలంటీర్లు వాళ్ళ పక్కన కూర్చుని కబుర్లు వినేవారు. తన దాకా రాకుండానే చాలామందికి మనసు తేలికపడటం ఆయన చూశాడు. ఆ సంస్థ అంతా ఆ మామూలు మనుషుల వినికిడి మీదే నిలబడింది. కాబట్టి నీకు సైకాలజీ రాదని జంకకు.

వింటున్నప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే ఆయన జీవితమంతా ఆత్మహత్యల మీదే పని చేశాడు, 1958లో లాస్ ఏంజెలెస్‌లో నివారణ కేంద్రం పెట్టినవాళ్ళలో ఒకడు. ఆయన ముఖ్యంగా రెండు విషయాలు చెప్పాడు. ఒకటి, ఆ స్థితిలో మనసు ఇరుకైపోతుంది, కళ్ళకు గంతలు కట్టినట్టు రెండే దారులు కనబడతాయి: ఈ నొప్పి భరించడం, లేదా లేకుండా పోవడం. రెండు, చివరి క్షణం దాకా మనిషి రెండు మనసులతో ఉంటాడు. పోవాలనీ ఉంటుంది, ఎవరైనా ఆపితే బాగుండుననీ ఉంటుంది. మీవాడు ‘బతకాలని లేదు’ అని నీకెందుకు చెప్పాడనుకున్నావు? నీకు చెప్పినవాడు ఆ రెండో మనసు.

తర్వాతి ప్రశ్న ఇంకా కష్టం, అయినా అడగాలి. ‘ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో అనుకున్నావా?’ ఊరికే ‘ఉండకపోతే బాగుండు’ అనే దగ్గర ఉన్నాడా, లేక రోజు, విధానం దాకా వెళ్ళాడా అన్నది దీనితోనే తెలుస్తుంది. వివరాలు గుచ్చి గుచ్చి అడగక్కర్లేదు. రెండోదైతే అది గుండెపోటు లాంటి అత్యవసరమే. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు, బాత్రూముకి వెళ్ళినా తలుపు దగ్గర ఉండు. దేని గురించి ఆలోచించాడో దాన్ని వాడికి దూరం చేయించు, ఆ పని నువ్వొక్కడివే చేయకుండా పెద్దవాళ్ళ సాయం తీసుకో. వాణ్ణి దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.

దూరం చేస్తే ఏమవుతుంది, కావాలంటే ఇంకోటి వెతుక్కోడా అని చాలామంది వాదిస్తారు. ఆ ఉద్ధృతి ఎంతసేపు ఉంటుందో తెలియక అనే మాట అది. అమెరికాలోని హ్యూస్టన్‌లో, ప్రాణం మీదికొచ్చిన ప్రయత్నం నుంచి బయటపడ్డ 13 నుంచి 34 ఏళ్ళ వయసు వాళ్ళు 153 మందిని అడిగారు, నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య ఎంత సమయం గడిచిందని. దాదాపు నాలుగో వంతు మంది అయిదు నిమిషాల లోపే అన్నారు. అంటే మధ్యలో ఒక తాళం, ఒక మనిషి, ఒక పావుగంట అడ్డం పడితే కెరటం దాటిపోయే అవకాశం ఉంది. దాటాక మళ్ళీ తప్పకుండా అదే పని చేస్తారన్నదీ నిజం కాదు. ప్రయత్నించి బతికినవాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోవడం లేదని ఎన్నో ఏళ్ళ అధ్యయనాలు చూపిస్తున్నాయి.

ఇక ఒట్టు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది ఇదే. నువ్వు మంచి స్నేహితుడివి, మాట మీద నిలబడాలనుకుంటున్నావు. కానీ ఈ ఒట్టు నువ్వు నిలబెట్టుకోగలిగేది కాదు, నిలబెట్టుకోవలసిందీ కాదు. అయితే వాడి వెనక చాటుగా వెళ్ళి చెప్పకు. వాడితోనే అను: ‘ఆ రోజు ఒట్టు వేశాను, భయంతో వేశాను. ఇది నేను దాచలేను. ఎవరికి చెప్పాలో నువ్వు చెప్పు, ఇద్దరం కలిసే వెళ్దాం. చెప్పాలా వద్దా అన్నది మాత్రం నీ ఇష్టానికి వదలను.’ కోప్పడతాడు. కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. కోపం వచ్చిన స్నేహితుడు ఉండటం స్నేహితుడే లేకపోవడం కంటే మేలు, దీనికి పరిశోధన అక్కర్లేదు. ఒకవేళ వాడు అస్సలు ఒప్పుకోకపోతే వాడు ఒప్పుకోకుండానే చెప్పు.

పనిలో పని, నువ్వు తిరిగి ఒట్టు వేయించుకోకు. ‘ఏమీ చేసుకోనని నామీద ఒట్టెయ్’ అనడం మనకి బాగా అలవాటు. డాక్టర్లు కూడా ఒకప్పుడు ఇలాంటి ఒప్పంద పత్రాలు రాయించుకునేవారు. అవి ప్రాణాలు కాపాడతాయనడానికి ఆధారం దొరకలేదు. పైగా ఒకసారి మాటిచ్చాక, ఆలోచన మళ్ళీ వస్తే నీకు చెప్పడానికి వాడికి మొహం చెల్లదు.

ఎవరికి చెప్పాలి? కాలేజీలో కౌన్సెలర్ ఉంటే ముందు వాళ్ళకి. లేకపోతే వార్డెన్, మీ ఇద్దరికీ నచ్చిన లెక్చరర్, వాడికి దగ్గరైన అక్కో అన్నో. తల్లిదండ్రులకి తెలియాలి, చాలాసార్లు తెలియడమే మంచిది. కానీ ఇంట్లోనే కొట్టడమో వేధించడమో ఉందని నీకు తెలిస్తే, ఆ సంగతి కౌన్సెలర్‌కి ముందే చెప్పు, ఎలా చెప్పాలో వాళ్ళు చూసుకుంటారు. చెప్పేటప్పుడు ‘వాడు కొంచెం డల్‌గా ఉంటున్నాడు సార్’ అన్నావో, ‘అందరూ అంతే, పరీక్షల టెన్షన్’ అని పంపించేస్తారు. మాట నాన్చకు. ‘నా రూమ్మేట్ బతకాలని లేదని నాతో అన్నాడు. ఆత్మహత్య చేసుకుంటాడేమోనని భయంగా ఉంది. మొన్న తన వస్తువులు ఇచ్చేశాడు. ఇప్పుడు రూములో పలానా వాడు తోడున్నాడు’ అని చెప్పు. మొదటివాళ్ళు తేలిగ్గా తీసుకుంటే రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళు, వాళ్ళూ తీసుకోకపోతే మూడో తలుపు తట్టు. అధికారి పట్టించుకోలేదని ఊరుకునే వ్యవహారం కాదిది.

అర్ధరాత్రి ఎవరూ దొరకకపోతే ఫోన్ ఉంది. ఇండియాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, 2022 అక్టోబరులో మొదలైంది, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో చదువుతున్నవాళ్ళకి 988, కాల్ చేయొచ్చు, మెసేజ్ అయినా పెట్టొచ్చు. బ్రిటన్‌లో సమారిటన్స్ నంబరు 116 123. ఆలోచనలున్నవాళ్ళే చేయాలని లేదు, నీలాగా పక్కనున్నవాళ్ళూ చేసి ఏం చేయాలో అడగవచ్చు. నన్నడిగితే, సెప్టెంబరు 10న ఆత్మహత్యల నివారణ దినమని పోస్టర్లు అంటించి కొవ్వొత్తులు పట్టుకుని నడిచే కాలేజీలు, ఆ రోజు ప్రతి విద్యార్థి ఫోన్‌లో ఈ నంబరు, కౌన్సెలర్ నంబరు సేవ్ చేయిస్తే కొవ్వొత్తుల కంటే ఎక్కువ పని జరుగుతుంది. ప్రపంచంలో ఏటా 7 లక్షల 20 వేల మందికి పైగా ఇలా పోతున్నారనీ, 15–29 ఏళ్ళవాళ్ళ మరణాలకు ఇది మూడో పెద్ద కారణమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అంకె పోస్టరు మీద చూసి ఎవరూ మారరు. నంబరు చేతిలో ఉంటే పనికొస్తుంది.

పోలీసుల భయం గురించి రెండు మాటలు. ఆలోచన ఉండటం ఏ నేరమూ కాదు, సాయం అడగడమూ కాదు. ఇండియాలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలనీ, శిక్షించకూడదనీ అంటుంది, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. ఇంగ్లండ్‌లో నేరం కాకుండా పోయింది 1961లో. చట్టాలు మారినా మన మాటలు మారలేదు. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అంటాం. ఆలోచించు, ఇంకా దేనికి పాల్పడతారు? దొంగతనానికి, మోసానికి, అఘాయిత్యానికి. ‘విఫలయత్నం’ అంటాం, బతికి బయటపడటం ఓడిపోవడమైనట్టు. వాడి దగ్గర ఈ మాటలు వాడకు. ‘ఆత్మహత్యతో చనిపోయాడు’, ‘ప్రయత్నించి బతికాడు’ అంటే సరిపోతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళాక ఏం జరుగుతుందో తెలిస్తే వాడి బెదురు సగం తగ్గుతుంది. మాట్లాడతారు, అవసరమైతే మందులు రాస్తారు. డిప్రెషన్ మందులు మింగిన మర్నాడే పని చేయవు, కొన్ని వారాలు పడుతుంది. పాతికేళ్ళ లోపువాళ్ళలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి అలజడి, ఆ ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక పెట్టింది. అంటే మందు మానమని కాదు, ఆ రోజుల్లో దగ్గరుండి చూసుకోమని, తేడా కనబడితే వెంటనే డాక్టర్‌కి చెప్పమని. సొంతంగా ఆపేయకూడదు. మద్యం అసలు వద్దు, ఫ్రెండ్స్ ‘రిలాక్స్ అవుతాడు’ అని పోయించడం కంటే చెడ్డ సాయం లేదు.

మందులకు తోడు ఒక కాగితం కూడా రాయిస్తారు. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తయారుచేసిన పద్ధతి అది, సేఫ్టీ ప్లాన్ అంటారు. నాకు ఇలాంటి ఫారాలంటే పెద్ద నమ్మకం ఉండేది కాదు. 2018లో ఫలితాలు చూశాక మనసు మార్చుకున్నాను. ఎమర్జెన్సీకి వచ్చిన 1,640 మంది మీద చూస్తే, ఈ కాగితం రాసుకుని తర్వాత ఫోన్‌లో పలకరింపు అందుకున్నవాళ్ళలో ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన 45 శాతం తక్కువగా ఉంది. అందులో ఉండేది చాలా మామూలు సరుకు. నాకు చెడు ఘడియ రాబోతోందని ఎలా తెలుస్తుంది, అప్పుడు నా అంతట నేను ఏం చేసుకోగలను, మనసు మళ్ళడానికి ఎక్కడికి వెళ్ళగలను, ఎవరిని సాయం అడగగలను, ఏ డాక్టర్‌కి ఫోన్ చేయాలి, నా చుట్టూ ఏవి లేకుండా చూసుకోవాలి. వాడి మాటల్లో వాడి చేతిరాతతో ఉండాలి. నీ పేరు అందులో ఉండవచ్చు. నీ ఒక్కడి పేరే ఉండకూడదు.

అలా ఎందుకంటున్నానంటే, పది రోజులుగా నువ్వు సరిగ్గా నిద్రపోయి ఉండవు. రాత్రి వాడు అటు తిరిగితే నీకు మెలకువ వస్తూ ఉంటుంది. ఇది ఒక్కడు మోసే బరువు కాదు. నమ్మకమైన ఇంకో ఇద్దరు స్నేహితుల్ని కలుపుకోండి, వాడికి తెలిసే కలుపుకోండి, వంతులు వేసుకోండి. కౌన్సెలర్ దగ్గర నీకోసం కూడా ఒక అరగంట అడుగు. ఇంకో మాట, చెప్పడం కష్టంగా ఉన్నా చెబుతాను. అన్నీ చేసినా కొన్నిసార్లు మనిషి దక్కడు. అలాంటిది జరిగితే అది నువ్వు సరిగ్గా అడగకపోవడం వల్లనో, ఒట్టు తప్పడం వల్లనో కాదు. ఒక రూమ్మేట్ చేయగలిగేది కొంతే, ఆ కొంత నువ్వు మొదలుపెట్టేశావు.

వాడు వైద్యం తీసుకుని తిరిగొచ్చాక అందరూ గాజుబొమ్మలా చూస్తారు. కారిడార్‌లో గుసగుసలు ఆగిపోతాయి, జోకులు ఆగిపోతాయి. అది వాడికి నరకం. నువ్వు మాత్రం మామూలుగా బకెట్ గురించి, ఛార్జర్ గురించి పోట్లాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారాలూ నెలలే జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. అందరూ ‘హమ్మయ్య’ అనుకుని పక్కకు తప్పుకునేదీ అప్పుడే. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మొట్టో అనే సైకియాట్రిస్టు, ఆసుపత్రి నుంచి వెళ్ళాక వైద్యం కొనసాగించనన్న 843 మందిని రెండు గుంపులు చేశాడు. ఒక గుంపుకి అయిదేళ్ళ పాటు అప్పుడప్పుడూ రెండు మూడు వాక్యాల ఉత్తరాలు పంపించాడు. మీరు బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. సలహా లేదు, అపాయింట్‌మెంట్ అడగడం లేదు. ఉత్తరాలు అందినవాళ్ళలో, ముఖ్యంగా మొదటి రెండేళ్ళు, ఆత్మహత్యలు తక్కువగా నమోదయ్యాయి. సెలవుల్లో వాడు ఇంటికెళ్ళినప్పుడు నువ్వు అలాంటి మెసేజ్‌లు పెట్టు. జవాబు రాకపోయినా పెట్టు. బ్లూ టిక్ పడలేదని అలగకు.

ఇది చదువుతున్నవాళ్ళలో ‘బతకాలని లేదు’ అన్న ఆ అబ్బాయి స్థానంలో ఉన్నవాళ్ళుంటే, పైన ఇచ్చిన నంబర్లు మీవి కూడా. ఏం మాట్లాడాలో తెలియకపోతే ‘నాకు బతకాలని అనిపించడం లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు, మిగతాది వాళ్ళు అడుగుతారు. పక్క రూములో ఎవరైనా మెలకువగా ఉంటే ఈ పేజీ చూపించినా చాలు.

తమ్ముడూ, చివరికి ఆ హెడ్‌ఫోన్స్. అవి నీ బ్యాగులో ఉంచుకోకు. ఈ సాయంత్రం రూముకి వెళ్ళాక తలుపు వేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, వాడి పక్కన కూర్చుని వాటిని మీ ఇద్దరి మధ్య పెట్టు. ‘ఇవి నాకెందుకిచ్చావురా?’ అని అడుగు. వాడు తలెత్తేదాకా ఆగు.